ఎవరి పాలు వాళ్లకి

డిసెంబర్ 1, సోమవారం

నిన్న కూడా రాలేదు. వరసగా ఇది రెండో ఆదివారం.

తొమ్మిదింటికి బెల్ మోగాలి. మూడు పేపర్లు చంకలో పెట్టుకుని, చెప్పులు విడవకముందే మొదటి వాదన మొదలుపెట్టాలి నా మేనకోడలు. దానికి పన్నెండేళ్లు వచ్చినప్పటి నుంచి నా ఆదివారాలు అలాగే గడిచాయి. ఇప్పుడు ఇరవై ఏడు. ఇంట్లో అందరం పిడుగు అంటాం. ఆ పేరు పెట్టింది నేనే. వాదించడం నేర్పిందీ నేనే. ఎదుటివాడి మాటల్లో బలమైనదాన్ని ముందు ఒప్పుకో, తర్వాత కొట్టు, అని.

నిన్న పదిన్నర దాకా రెండు కప్పులు టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాను. మూడు పేపర్లూ నేనే కొన్నాను. పక్కన కూర్చుని తిట్టేవాళ్లు లేకపోతే పేపర్లో ఏముంటుంది, కాగితం తప్ప.

ఎందుకు రాలేదో నాకు తెలుసు. నేను రాసిందే కారణం. అయితే ఏం? రాసింది తప్పా?

డిసెంబర్ 2, మంగళవారం. మధ్యాహ్నం 3

ఆఫీసుకు వెళ్తే ఎడిటర్ ఒక సంచి చేతిలో పెట్టాడు. నా కాలమ్ మీద వచ్చిన ఉత్తరాలట. ముప్పై ఏళ్లుగా ఈ వారపత్రికలో రాస్తున్నాను. గనుల మీద రాస్తే నాలుగు ఉత్తరాలు వచ్చాయి. ఆస్పత్రి పడకల మీద రాస్తే రెండు. పాలు, గుడ్లు కూడా ముట్టని వీగన్ల మీద ‘గడ్డి మేసే విప్లవం’ అని రాస్తే సంచి నిండింది. జనం ప్రాధాన్యాలు ఇలా ఏడ్చాయి.

నేను రాసింది మూడు ముక్కలు. వీగనిజం కడుపు నిండినవాడి ఉపవాసం, అన్నాను. బాదం పిసికి తీసిన తెల్లనీళ్లను పాలు అనడం భాషకు ద్రోహం, అన్నాను. మూడోది ఇది: ‘నాకు తెలిసిన ఒక అమ్మాయి పాల ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు దూడను చూసి ఏడ్చి, పాలు మానేసింది. అదే గోడ పక్కన కోల్డ్ రూములో ఉత్త చేతులతో క్రేట్లు మోసే లోడర్ల కోసం మాత్రం ఆ కళ్లలో చుక్క లేదు.’

మూడోది బాగా పేలింది. ఆ అమ్మాయి ఎవరో నలుగురికే తెలుసు. ఆ నలుగురూ మా ఇంటివాళ్లే.

సంచి అడుగున ఒక పోస్టుకార్డు. ‘ఒక పాఠకురాలు’ అని సంతకం. ఒకటే వాక్యం: ‘అయ్యా, మన భాషలో పాలు అంటే వాటా అనీ అర్థం, దూడ పాలు దూడకు.’

‘డ’ కింద అనవసరమైన కొక్కెం ఉంది. రెండు చోట్లా. పిడుగుకు ఐదేళ్లప్పుడు పలక మీద ఆ అక్షరం దిద్దించింది నేను. ఎన్నిసార్లు చెప్పినా ఆ కొక్కెం మానలేదు.

నాలుగుసార్లు చదివాను. కోపం వచ్చింది. వాక్యం బాగుంది. దాంతో కోపం ఇంకా పెరిగింది.

మావయ్యా అనలేదు. అయ్యా అంది.

ఎడిటర్ అంతటితో వదల్లేదు. ఏడాది చివరి ప్రత్యేక సంచికకు ‘వీగన్ స్నేహితులకు పది పండుగ కానుకలు’ అని నేనే రాయాలట. అందులోనూ ఇంట్లో చేసుకోగలిగినవి. వెటకారం చేస్తే వేయడట. నేను అరిచాను. ఉత్తరాలు రాసినవాళ్లలో సగం మంది ఇరవైల్లో ఉన్నారనీ, ఈ పత్రికను ఆ వయసువాళ్లు ముట్టుకుని పదేళ్లయిందనీ, నా అరుపు అయిపోయాక చెప్పాడు. ఆయన ఎప్పుడూ అంతే. నా ఊపిరి అయిపోయేదాకా ఆగుతాడు.

డిసెంబర్ 5, శుక్రవారం

పెద్ద షాపులో వీగన్ గిఫ్ట్ సెక్షన్ చూసి వచ్చాను. వెదురు పెట్టె. పెట్టెలో కత్తిరించిన కాగితాల చెత్త. చెత్త మధ్యలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని జీడిపప్పులు. పైన ‘జాలితో చేసినది’ అని లేబుల్. ఎవరి మీద జాలి? ఈ పెట్టెలు ప్యాక్ చేసేవాళ్లకు కూర్చోవడానికి స్టూలైనా ఉందా అని సేల్స్ అమ్మాయిని అడిగాను. ఆ అమ్మాయికే లేదు. పొద్దుటి నుంచీ నిలబడే ఉంది. నవ్వి, గిఫ్ట్ రాపింగ్ కావాలా సార్ అంది.

పది కానుకల్లో మొదటిది: స్టూలు. కొట్టేశాను.

డిసెంబర్ 7, ఆదివారం

రాలేదు. నేనే అక్క ఇంటికి వెళ్లాను. పిడుగు అక్కడా లేదు. రక్తపరీక్షల ల్యాబులో ఆదివారం డ్యూటీ వేయించుకుందట. వేశారు అని కాదు, వేయించుకుంది అని చెప్పింది అక్క. ఆ తేడా నాకు వినపడాలనే చెప్పింది.

ఏడాది చివరి రోజు మా నలుగురిదీ ఒక భోజనం. చీటీలు తీస్తాం. ఎవరి పేరు వస్తే వాళ్లకు ఒక కానుక. అక్క రూలు ఒకటే: కొన్నది చెల్లదు, చేత్తో చేసిందే ఇవ్వాలి. లెక్కల టీచర్ కదా, స్టెప్పులు చూపించనిదే ఇంట్లో కూడా మార్కులు వేయదు. కిందటేడు బావ పేరు వస్తే నా వ్యాసాలు కుట్టించి ఇచ్చాను. చేత్తో రాసిందే కదా అని వాదించి గెలిచాను. బావ ఇంకా తెరవలేదు.

ఈసారి స్టీలు గిన్నె ముందుగా నా ముందుకే వచ్చింది. తీశాను. పిడుగు. నేను తల ఎత్తేలోపు అక్క గిన్నె లాక్కుని లోపలికి పోయింది. మిగతావాళ్లు తర్వాత తీస్తారట. అక్క ముఖంలో అంత అమాయకత్వం నేను ఎప్పుడూ చూడలేదు.

వచ్చేటప్పుడు గుమ్మంలో ఒక మాట అంది. తినేదే చెయ్యాలట. వ్యాసాలు చెల్లవట.

డిసెంబర్ 8, సోమవారం

నాకు వంట రాదు. ఆమ్లెట్ వచ్చు. ఆమ్లెట్ పనికిరాదు.

డిసెంబర్ 10, బుధవారం. ఉదయం 8

జీడిపప్పు చీజ్. నానబెట్టు, నిమ్మరసం, ఉప్పు, ఒక వెల్లుల్లి రెబ్బ వేసి మెత్తగా రుబ్బు, పలచటి గుడ్డలో మూటగట్టి వేలాడదీయి. ఇంతే అన్నారు. మిక్సీ మూత నొక్కి పట్టుకోమని ఎవడూ రాయలేదు. శ్రమను దాచిపెట్టే వంటల పుస్తకాలు.

నా మొదటి వీగన్ రచన గోడల మీద, సీలింగ్ మీద ప్రచురితమైంది. గోడ మీద నుంచి వేలితో గీకి రుచి చూశాను.

బాగుంది. అదే నా బాధ.

డిసెంబర్ 12, శుక్రవారం

కింద వీధి మలుపులో బేకరీ ఆవిడ దగ్గరికి వెళ్లాను. సిగ్గు విడిచి వెళ్లాను. ఆవిడ బోర్డు మీద ‘తాజా బెడ్డు’ అని ఉంటుంది. ర వత్తు ఊడిపోయి ఏడేళ్లయింది. ఏడేళ్లుగా వారం వారం నేను చెబుతూనే ఉన్నాను. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా ఓవెన్ ఖాళీగా ఉంటుంది, వాడుకోండి, కానీ ఇక బోర్డు ఊసెత్తకూడదు అంది. తప్పు చెప్పడానికి లోపలికి వచ్చిన ప్రతివాళ్లూ ఒక బన్ను కొనుక్కుపోతున్నారట. ఆ వత్తు పెట్టిస్తే బేరం పడిపోతుందట.

నేను ఏడేళ్లలో తిన్న బన్నులన్నీ కళ్ల ముందు తిరిగాయి.

గుడ్డు లేకుండా ఏం చేస్తారని అడిగితే, పెద్ద శనగలు ఉడికించిన గిన్నె తెచ్చింది. శనగలు తీసి పక్కన పెట్టి, చల్లారి చిక్కబడిన ఆ నీళ్లను మెషిన్ పెట్టి గిలక్కొట్టింది. కొంచెం కొంచెంగా పంచదార. పది నిమిషాల్లో తెల్లగా, కొండలా నురుగు. గిన్నె బోర్లించి నా నెత్తి మీద పట్టుకుంది. ఒక్క చుక్క పడలేదు. చిన్న చిన్న బిళ్లలుగా పెట్టి సన్నటి వేడి మీద ఆరనిస్తే నోట్లో వేసుకోగానే కరిగిపోతాయట.

ఇన్నేళ్లూ ఆ నీళ్లు సింకులో పారబోశాను. అందరూ పారబోస్తారు. పనికిరానిదని మనం పారబోసేదాంట్లో ఏముందో ఎవడు చూశాడు? దీని మీద ఒక కాలమ్ రాయొచ్చు అన్నాను. ముందు గిన్నె కడగండి సార్ అంది.

డిసెంబర్ 14, ఆదివారం. ఉదయం 9.05

బెల్ మోగింది. పరిగెత్తాను. యాభై నాలుగేళ్ల మోకాళ్లతో పరిగెత్తాను.

బావ.

డిసెంబర్ 14. మధ్యాహ్నం 1

రాయాలి. మరిచిపోతానని కాదు, మరిచిపోవాలనిపించకముందే.

బావ ఆ ఫ్యాక్టరీ పాల ట్యాంకరే నడిపాడు. కిందటేడు రిటైరయ్యాడు. పదం పదానికి మధ్య ఒక మైలురాయి దూరం ఉంటుంది ఆయన మాట. ఇవాళ వచ్చి, పిడుగు కూర్చునే కుర్చీలో కూర్చుని, టీ వద్దన్నాడు.

“ముప్పయ్యేళ్లు ఆ పాలు మోసినవాణ్ని నేను. నాతో అది ఒక్కరోజు పోట్లాడలేదోయ్. నా టీ నాకు కలిపిచ్చి, దాని టీ అది తాగేది. నువ్వేమో పత్రికలో వేశావు.”

పాయింటు పాయింటే కదా బావా అన్నాను. నా నోరు అలాంటిది. అప్పుడు చెప్పాడు.

పిడుగు అక్కడ మిల్క్ టెస్టింగ్ ల్యాబులో ఉండేది. పొద్దున్నే క్రేట్లు దించే లోడర్ల వేళ్లు చూసేదట. చలికి చీలి, తెల్లబడి, గోళ్లు నల్లబడి. గ్లౌజులు ఇవ్వాలని అర్జీ రాసింది. పద్నాలుగు మంది లోడర్లతో సంతకాలు పెట్టించింది. మొదటి సంతకం తనదే. గ్లౌజులు వచ్చాయి, నీలంవి. నెల తిరక్కుండా దాన్ని ల్యాబు నుంచి తీసేసి, ఊరి బయట ఉన్న ఫ్యాక్టరీ పశువుల షెడ్డుకు మార్చారు. పుట్టిన దూడల లెక్క రాసే పని. శిక్ష. పుట్టింది, మూడో రోజు తల్లి దగ్గర్నుంచి తీసేశారు, మగదైతే ఎటు పంపారు, అన్నీ రాయాలి. తల్లులు రోజంతా అరిచేవట. నాలుగు నెలలు రాసింది. తర్వాత ఉద్యోగం మానేసింది. పాలు కూడా.

లోడర్ల కోసం చుక్క లేదని రాశాను నేను. లోడర్ల వల్లే అది ఆ దూడల దాకా వెళ్లింది.

నాతో ఎందుకు చెప్పలేదు అని అడిగాను. గొంతు పెద్దదే వచ్చింది, దానికి ఇంకో రకం తెలియదు. చెబుదామని బావ అప్పుడే అన్నాడట. పిడుగు వద్దందట.

“మావయ్యకి చెప్తే కాలమ్ రాసేస్తాడు నాన్నా. సంతకాలు పెట్టినవాళ్లు రోడ్డున పడతారు.”

బావ లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. తలుపు దగ్గర అన్నాడు.

“అది చెప్పలేదు సరే. నువ్వు అడిగావా?”

డిసెంబర్ 14. సాయంత్రం 5

గడ్డి తిన్నది నేను.

డిసెంబర్ 15, సోమవారం

పొద్దున ఆరింటికి కూర్చుని పన్నెండుకు లేచాను. ఆ ఫ్యాక్టరీ మీద రాశాను. గ్లౌజులు, సంతకాలు, బదిలీ, మూడో రోజు. లోడరు చేతినీ దూడ మెడనీ పట్టుకున్నది ఒకటే చెయ్యి అని రాశాను. పదేళ్లలో ఇంత బాగా రాయలేదు. చివరి పేరా నాకే వినపడింది, మైకులో చదువుతున్నట్టు.

రేపు ఇస్తాను. ఇదే దానికి నా క్షమాపణ. ఇంతకంటే పెద్దది ఎవరివ్వగలరు?

డిసెంబర్ 16, మంగళవారం

ఎడిటర్ గది బయట బెంచీ మీద అరగంట కూర్చున్నాను. లోపల ఆయన ఫోన్లో ఎవరితోనో నవ్వుతున్నాడు. ఒళ్లో కవరు.

పద్నాలుగు మందిలో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు. ఎవరి పిల్లలు ఏ క్లాసో తెలియదు. గ్లౌజులు తొడుక్కుని వాళ్లు రేపు పొద్దున పనికి వెళ్తారు. నా వ్యాసం వచ్చిన మర్నాడు కూడా వెళ్తారా? ఎవరినైనా అడిగానా?

ఒకడి ఉద్యోగంతో ఇంకొకడు ధైర్యం చూపించడం చాలా తేలిక. ఈ మాట నేను యజమానుల మీద ఎన్నోసార్లు రాశాను.

లేచి వచ్చేశాను. కవరు బీరువాలో ఉంది. చింపలేదు. నేనేం మహాత్ముణ్ని కాదు.

డిసెంబర్ 19, శుక్రవారం

బాదం. పొద్దున లేచి తొక్కలు ఒలిచాను. వేళ్ల మధ్య నొక్కితే గింజ చటుక్కున జారి ఎటో ఎగిరిపోతుంది. రెండు సోఫా కిందికి పోయాయి. మూత నొక్కి పట్టుకుని రుబ్బాను. పలచటి నూలు గుడ్డలో పోసి పిండుతుంటే అక్క ఫోన్. స్పీకర్లో పెట్టాను. ఏం చేస్తున్నావంది. బాదం… అని ఆగాను. బాదం రసం, అన్నాను.

“తెల్లగా వచ్చాయా?”

“వచ్చాయి.”

“మరి పాలంటే నోరు పడిపోతుందా?”

పెట్టేసింది.

గిన్నె ముందు కూర్చున్నాను. తర్వాత నిఘంటువు తీశాను. చేతుల తడి పేజీలకు అంటుకుంది. కొబ్బరి పాలు. జిల్లేడు పాలు. రబ్బరు చెట్టుకు గాటు పెడితే కారేవీ పాలే. చేలో కంకి లేతగా ఉన్నప్పుడు గింజ పాలు పోసుకుంది అంటాం. ఏ ఆవు పోసింది? ఆకాశంలో నక్షత్రాల దారిని పాలపుంత అంటాం. అక్కడెవరు పితికారు?

ఇక వాటా. వాడి పాలు వాడికి పంచెయ్, అంటాం. పనిలో పాలుపంచుకోవడం అంటాం. కార్మికుడి పాలు కార్మికుడికి దక్కాలని ముప్పై ఏళ్లు రాసినవాణ్ని. దూడ దగ్గరికి వచ్చేసరికి నాకు తెలుగు మరుపొచ్చింది.

రెండో పాయింటూ పోయింది. నా సొంత గడ్డ మీద, నా భాషలో, ఒక పోస్టుకార్డు ఓడించింది. లోపల ఎక్కడో సంతోషంగా ఉంది. నేర్పింది ఎవరు మరి.

తాగాను. పాలే.

డిసెంబర్ 21, ఆదివారం

రాలేదు. రెండు కప్పులు పెట్టలేదు. తర్వాత పెట్టాను.

డిసెంబర్ 22, సోమవారం. సాయంత్రం 5

పిండగా మిగిలిన బాదం పిప్పితో బిస్కెట్లు చేశాను. ఏదీ పారబోయను ఇప్పుడు. కొత్తగా మతం పుచ్చుకున్నవాడిలా తయారయ్యాను. తీపికి తేనె వేశాను. మంచి తేనె, వెతికి తెచ్చాను. బేకరీ ఓవెన్లో పెట్టి, గర్వంగా ఆవిడకు చెప్పాను. పాలు లేవు, వెన్న లేదు, గుడ్డు లేదు.

ఆవిడ ట్రే వైపు చూసింది, సీసా వైపు చూసింది.

“తేనెటీగలకి జీతం ఎవరిస్తున్నారు సార్?”

ఇరవై నిమిషాలు వాదించాను. ఈగలు తమకు కావలసినదానికంటే ఎక్కువ చేస్తాయి, మిగిలిందే మనం తీసుకుంటాం, అన్నాను. అంటుండగానే నా గొంతు నాకు ఎవరిదో యజమాని గొంతులా వినపడింది. ఆవిడ బన్నుల మీద నువ్వులు చల్లుతూనే, కూలివాడు ఎక్కువ చేస్తే అది ఓనర్‌దేనని మీరెప్పుడైనా రాశారా, నేను చదివినట్టు లేదే, అంది. చదువుతుందని నాకు తెలియదు. ఏడేళ్లుగా ర వత్తు గురించి తప్ప ఆవిడతో నేనేం మాట్లాడాను కనక.

ఆ కంగారులో ఓవెన్‌లోంచి ట్రేను ఉత్త చేతులతో లాగాను.

నాలుగు వేళ్లు. చల్లటి నీళ్ల కింద పెట్టించి, చంటిపిల్లాణ్ని చూసినట్టు చూసింది. ఉత్త చేతులు. నేనే రాసిన మాట. దేవుడున్నాడని నేను నమ్మను, కానీ ఎవడో ప్రూఫ్ రీడర్ మాత్రం ఉన్నాడు.

గంటలో అక్క ఫోన్ చేసి వేళ్లు ఎలా ఉన్నాయంది. ఎలా తెలిసిందని అడగలేదు. అక్క కూడా బన్నులు అక్కడే కొంటుంది.

తేనె బిస్కెట్లు నేనే తిన్నాను. ఓడిపోయిన వాదన రుచిగానే ఉంది. రేపు ఖర్జూరం గుజ్జుతో మళ్లీ.

డిసెంబర్ 24, బుధవారం

ఎడమ చేత్తో కాగితం పట్టుకుని, కుడి చేతి రెండు వేళ్లతో రాసి, పది కానుకలు ఇచ్చేశాను. శనగ నీళ్ల నురుగు బిళ్లలు. బాదం పిప్పి బిస్కెట్లు, తేనె గురించి నా సిగ్గుతో సహా. గుడ్డు లేని చాక్లెట్ కేక్, సోడా మీద వెనిగర్ పడితే అదే పొంగుతుంది, మా ఎడిటర్ ముందు నాలాగే. జీడిపప్పు చీజ్, మిక్సీ మూత సంగతి పెద్ద అక్షరాల్లో. నారింజ తొక్కల జామ్. వేయించిన గింజల సీసా. కుండీలో పుదీనా. పాత చొక్కాతో కుట్టిన సంచి. తొమ్మిదోది బాదం పాలు. పాలు అనే రాశాను.

పదోది ఇది:

‘క్షమాపణ. ఇంట్లోనే చేసుకోవచ్చు. పాలు, గుడ్లు, తేనె అక్కర్లేదు. నవంబరులో నేను ఒక అమ్మాయి గురించి, లోడర్ల కోసం ఆమె కళ్లలో చుక్క లేదని రాశాను. అది అబద్ధం. నేను అడగలేదు. తెలుసుకోలేదు. రాసేశాను.’

ఎడిటర్ చదివి, అసలేం జరిగిందో చెప్పకపోతే పాఠకుడికి అర్థం కాదన్నాడు. ఇంకో నాలుగు లైన్లు రాయమన్నాడు. ఆ నాలుగు లైన్లూ నా నాలుక చివరే ఉన్నాయి, నాలుగేం, నాలుగు పేజీలు బీరువాలో ఉన్నాయి. ఇంతే అన్నాను. దెబ్బ కొట్టని పేరా నువ్వు రాయడం ఇదే మొదటిసారి అన్నాడు. పొగిడాడో తిట్టాడో తెలియదు.

డిసెంబర్ 28, ఆదివారం

ఆరో ఆదివారం.

డిసెంబర్ 30, మంగళవారం

సంచిక వచ్చింది. ఫోన్ రాలేదు.

నురుగు బిళ్లలు రెండో విడత. మొదటి విడత ముసురుకు మెత్తబడింది. ఖర్జూరం బిస్కెట్లు సరిగా వచ్చాయి. బాదం పాలు రేపు పొద్దున తీయాలి, నిన్నటివి పనికిరావు. సీసా వేడినీళ్లలో మరిగించి ఆరబెట్టాను. దాని మీద అంటించే కాగితం మీద ఏం రాయాలో తెలియక తొమ్మిది కాగితాలు చింపాను. వేల పేజీలు రాసిన చెయ్యి. చివరికి రెండు మాటలు.

డిసెంబర్ 31, బుధవారం. సాయంత్రం 4

తొందరగా రాసేస్తాను. 

అక్క బల్ల మీద సూపు, కాల్చిన బంగాళాదుంపలు, పుట్టగొడుగుల అన్నం. చుక్క పాలు లేకుండా అన్నీ తనే చేసింది. బావ బ్రెడ్డు కోస్తున్నాడు. పిడుగు ల్యాబు నుంచి నేరుగా వచ్చింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది, ల్యాబువాళ్లు కడుక్కున్నట్టు. నా ఎదురు కుర్చీలో కూర్చుంది. నా వైపు చూడలేదు. ఉప్పు అందివ్వమని బావకు చెప్పింది. ఉప్పు నా ముందుంది.

జేబులో రెండు పేజీల క్షమాపణ రాసుకుని వెళ్లాను. తీయలేదు. పెట్టె ముందుకు తోశాను.

ముందు సీసా తీసింది. దాని మీద కాగితం చదివింది. ‘నీ పాలు.’ రెండు మాటలు చదవడానికి అంతసేపు ఎవరికి పడుతుంది? అక్క గరిటె గాల్లో ఆగింది. బావ బ్రెడ్డు కోయడం ఆపలేదు, కానీ ముక్కలు మరీ సన్నగా వస్తున్నాయి.

అప్పుడు అది సీసాను వెలుతురుకు పట్టింది. వంచి, గాజు మీద పాలు ఎలా జారుతున్నాయో చూసింది. మూత తీసి వాసన చూసింది. వేలితో ఒక చుక్క తీసి ఎడమ బొటనవేలి గోరు మీద వేసి, వేలు ఏటవాలుగా పట్టుకుంది. పాలు పరీక్ష చేసేవాళ్ల పద్ధతి. చుక్క నిలబడాలి. జారిపోయింది.

తల ఎత్తి నన్ను చూసింది.

“నీళ్లు కలిపావు మావయ్యా.”

ఆరు వారాల తర్వాత మొదటి మాట. మావయ్యా అంది.

నేను కలపలేదన్నాను. ఒక పాలు బాదానికి నాలుగు పాళ్ల నీళ్లు, పుస్తకంలో అలాగే ఉంది అన్నాను. మూడు చాలంది. రంగు బాగుంది, వాసన బాగుంది, తొక్క ఒక్కటి కూడా లేకుండా ఒలిచావు, అంది. ముందు బలమైనవి ఒప్పుకుంది. తర్వాత కొట్టింది. నాలుగు పాళ్ల నీళ్లు పోసి అమ్మేవాళ్ల మీదే కదా నువ్వు కాలమ్ రాసేది అంది. సూపు చల్లారిపోయింది.  అక్క లేచి వంటింట్లోకి వెళ్లి కాసేపు రాలేదు.

నురుగు బిళ్ల నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. దేనితో చేశావంది. శనగ నీళ్లతో అన్నాను. నమ్మలేదు. నా ముందే చేసి చూపించు అంది. ఎప్పుడు అని అడగలేదు నేను. భయం వేసింది, అడిగితే పోతుందేమోనని.

తర్వాత తన సంచిలోంచి ఒక పొట్లం తీసి నా ముందు పెట్టింది. దానికి వచ్చిన చీటీ నాదట. గిన్నెలో నాలుగు చీటీల మీదా మావయ్య అనే ఉందట, చూసేసింది. నాకు చూపించిన గిన్నెలో నాలుగింటి మీదా ఏముందో ఇక చెప్పక్కర్లేదు. లెక్కల టీచర్ రెండు సెట్లు రాసింది.

పొట్లంలో ఓవెన్ గ్లౌజులు. పాత జీన్స్‌తో కుట్టింది, లోపల దూది దట్టించి. నీలంవి. మోచేతి దాకా వస్తాయి. లోపల ఒక చీటీ:

‘చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మాని, ముందే ఇవి తొడుక్కో.’

‘డ’ కింద కొక్కెం. రెండు చోట్లా.

జేబులో రెండు పేజీల సంగతి అప్పుడు చెప్పాను. చదవొద్దంది. పత్రికలో చదివాను చాలు, నాలుగు లైన్లే ఉన్నాయి కాబట్టి నమ్మాను అంది. గుమ్మం దగ్గర, బావకు వినపడకుండా, ఇంకోటి రాశావు కదూ అని అడిగింది. రాశాను, ఇవ్వలేదు, బీరువాలో ఉంది అన్నాను. కాసేపు గోరు మీద ఎండిన చుక్కను గీకుతూ నిలబడింది. ఆ పద్నాలుగు మందినీ ఒకసారి అడుగుతానంది. వాళ్లు సరేనంటే అప్పుడు చూద్దామంది. అడుగుతాను అన్న మాట ఎంత చిన్నది. నాకెందుకు అంత కష్టమైంది?

అక్క మార్కులు వేసింది. నాకు పదికి ఏడు. నీళ్లకు మూడు తీసేసింది.

జనవరి 3, శనివారం. సాయంత్రం 6

రేపటికి రెండు గుప్పిళ్ల బాదం నానబెట్టాను. ఒక గుప్పెడు నా పాలు.